డీపీఎఫ్ లైటు వెలిగితే ఏ దారి మంచిది: హైవేనా, వర్క్‌షాపా, కారు మార్చడమా?

మియాపూర్‌లో ఇల్లు, గచ్చిబౌలిలో ఆఫీసు. దూరం పదకొండు కిలోమీటర్లే కానీ సాయంత్రం పూట యాభై నిమిషాలు పడుతుంది. మా డీజిల్ కారు మూడేళ్ళు ఈ దారిలోనే తిరిగింది. ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. నాలుగో ఏడాదిలో ఒక సాయంత్రం కొండాపూర్ సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా డాష్‌బోర్డు మీద పసుపు రంగు గుర్తు ఒకటి వెలిగింది. గొట్టం బొమ్మ, లోపల చుక్కలు. అదే డీపీఎఫ్ లైటు. డీపీఎఫ్ అంటే డీజిల్ పొగలోని మసిని పట్టి ఆపే ఫిల్టర్.

కారులో ఏం తేడా వచ్చిందా అని చాలా ఆలోచించాను. కారులో ఏ తేడా రాలేదు, మా తిరుగుడు మారింది. అంతకుముందు రెండు వారాలకోసారి ఖమ్మం వెళ్ళి అమ్మానాన్నలను చూసి వచ్చేవాళ్ళం. రానూపోనూ దాదాపు నాలుగు వందల కిలోమీటర్లు. నాన్నకు ఆయాసం ఎక్కువై వాళ్ళిద్దరినీ హైదరాబాద్ తీసుకొచ్చేశాక ఆ ప్రయాణాలు ఆగిపోయాయి. సూర్యాపేట మీదుగా సాగే ఆ పరుగే ఇన్నాళ్ళూ ఫిల్టర్‌ను శుభ్రం చేస్తూ వచ్చిందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ వారంలో తలా ఒక మాట చెప్పారు. ఆఫీసులో ఒకాయన ఊరి చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) మీద ఒక రౌండు వేసి రమ్మన్నాడు. ఇంకొకాయన ట్యాంకులో పోసే మందు కొనమన్నాడు. సర్వీస్ సెంటర్‌లో ఫిల్టర్ మొత్తం మార్చాలన్నారు. మా వీధి చివరి మెకానిక్, "తీసి పడేద్దాం అన్నా, మ్యాప్ కొట్టిస్తే లైటే రాదు" అన్నాడు. ఫిల్టర్ పీకేసి, ఇంజన్ సాఫ్ట్‌వేర్ మార్చేయడమన్నమాట. బావ మాత్రం, "అమ్మేసి పెట్రోల్ తీసుకో" అన్నాడు. వీటిలో ఒక్కటి తప్ప మిగతావన్నీ ఎవరో ఒకరికి సరైన సలహాలే. ఏది ఎవరికి సరిపోతుందో తెలుసుకోవాలంటే ముందు ఫిల్టర్ లోపల పేరుకున్నదేమిటో తెలియాలి.

మసి వేరు, బూడిద వేరు

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్ 6 అనే వాహన కాలుష్య ప్రమాణం అమలైంది. బీఎస్ 4 రోజుల్లో సాధారణ డీజిల్ కారు కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల దాకా మసి కణాలు వదలొచ్చు. బీఎస్ 6లో ఆ పరిమితి 4.5 మిల్లీగ్రాములు. పైగా కణాలను బరువుతోనే కాదు, సంఖ్యలో కూడా లెక్కగడతారు. ఫిల్టర్ లేకుండా ఆ లెక్కకు దిగడం డీజిల్ ఇంజన్‌కు సాధ్యం కాదు. అందుకే ఇంజన్ నుంచి సైలెన్సర్‌కు వెళ్ళే దారిలో తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మ ఒకటి పెట్టారు. దాని సన్నటి గొట్టాలు ఒకటి ముందు, ఒకటి వెనక మూసి ఉంటాయి. పొగ గోడల గుండా దూరి బయటికి పోవాల్సిందే. మసి లోపలే ఆగిపోతుంది.

ఆగిన మసిని కాల్చేయాలి. హైవే మీద పొగ 250 నుంచి 400 డిగ్రీల మధ్య వేడిగా ఉన్నప్పుడు కొంత మసి తనంతట తానే మెల్లగా కాలిపోతుంది. అది చాలనప్పుడు ఇంజన్ కంప్యూటర్ కాస్త డీజిల్‌ను ఆలస్యంగా చల్లి, ఫిల్టర్‌ను 600 డిగ్రీల చుట్టుపక్కలకు వేడెక్కించి కాలుస్తుంది. దీన్నే రీజనరేషన్ అంటారు, మెకానిక్‌లు రీజెన్ అంటారు. బాగున్న కారులో కొన్ని వందల కిలోమీటర్లకోసారి, పావుగంటో ఇరవై నిమిషాలో జరుగుతుంది. హైవే మీద అయితే జరిగిన సంగతి కూడా మనకు తెలియదు.

మసి కాలుతుంది కానీ బూడిద కాలదు. కట్టెల పొయ్యి ఎరిగిన వాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఇంజన్ ఆయిల్‌లో కలిపే కాల్షియం, జింక్ లాంటివి కాలిన తర్వాత మిగిలేదే ఈ బూడిద. ఇది చాలా నెమ్మదిగా పేరుకుంటుంది. మామూలుగా లక్ష కిలోమీటర్లు దాటాకే దీని గురించి ఆలోచించాలి. అరవై వేలు కూడా తిరగని కారుకు "బూడిద నిండిపోయింది, మార్చాలి" అని ఎవరైనా చెబితే వెంటనే ఒప్పుకోకండి. స్కానర్ (కారు కంప్యూటర్‌లోని లెక్కలు చదివే పరికరం) పెట్టి మసి ఎంత, బూడిద ఎంత, ఆఖరి రీజెన్ ఎన్ని కిలోమీటర్ల కిందట పూర్తయిందో చూపించమనండి.

మూడో రకం కూడా ఉంది. అసలు ఫిల్టర్‌ది ఏ తప్పూ ఉండదు. ఇంజెక్టర్ కారుతుంటే, కొంత పొగను తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ ఇరుక్కుంటే, టర్బో పైపు చీలితే ఇంజన్ మసి ఎక్కువ కక్కుతుంది. ఫిల్టర్‌కు ముందు, వెనక ఒత్తిడి తేడా చూసే సెన్సర్ ఒకటి ఉంటుంది. దాని రబ్బరు గొట్టం పగిలినా, పూడుకున్నా ఫిల్టర్ నిండిందని కారు పొరబడుతుంది. మాకు లైటు రావడానికి సగం కారణం ఈ గొట్టమేనని తర్వాత తేలింది. అది మార్చడానికి అయిన ఖర్చు, కొత్త ఫిల్టర్‌కు చెప్పిన రేటు పక్కన పెడితే లెక్కలోకి రాదు. ఆ ముక్క మొదటే చూసి ఉంటే పదిహేను రోజుల టెన్షన్ తప్పేది.

హైవే ఎక్కించడం: లైటు నిలకడగా వెలుగుతున్నంతవరకే

లైటు ఒక్కటే వెలిగి, కారు మామూలుగానే లాగుతుంటే మొదట చేయాల్సింది ఇదే. ఖర్చు డీజిల్ మాత్రమే. చాలా కార్ల మాన్యువల్స్ చెప్పే పద్ధతి దాదాపు ఒకటే: గంటకు 60 కిలోమీటర్ల పైన, ఇంజన్ 2,000 ఆర్‌పీఎమ్ చుట్టుపక్కల తిరిగేలా, ఆపకుండా ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు నడపాలి. హైదరాబాద్ వాళ్ళకు 158 కిలోమీటర్ల ఓఆర్‌ఆర్ దీనికి చక్కగా కుదురుతుంది. రౌండు మొత్తం తిరగాల్సిన పని లేదు, రెండు మూడు ఎగ్జిట్‌ల దూరం వెళ్ళి వెనక్కి వస్తే చాలు. విశాఖ, విజయవాడ, గుంటూరు వాళ్ళకు 16వ నంబరు జాతీయ రహదారి ఉంది. వేగం కన్నా ఆర్‌పీఎమ్ నిలకడ ముఖ్యం. వందలో ఆరో గేర్‌లో ఇంజన్ నిద్రపోతున్నట్టు వెళ్ళడం కన్నా ఎనభైలో నాలుగో గేర్‌లో వెళ్ళడం నయం.

ఫలితం రాకపోతే రెండు విషయాలు చూడండి. ట్యాంకులో డీజిల్ అడుగంటితే చాలా కార్లు రీజెన్ మొదలుపెట్టవు. కనీసం పావు ట్యాంకు ఉంచండి. అలాగే డీపీఎఫ్ లైటుతో పాటు చెక్ ఇంజన్ లైటు కూడా వెలుగుతుంటే లోపల ఇంకేదో తప్పు ఉన్నట్టు. అది సరి చేసేదాకా ఎన్ని రౌండ్లు వేసినా మసి కాలదు. ఫిల్టర్ ఇంకా బిగిసిపోతుందంతే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. రీజెన్ జరిగేటప్పుడు కారు అడుగు భాగం విపరీతంగా వేడెక్కుతుంది. మన ఊళ్ళలో కోతల కాలంలో కంది కట్టె, జొన్న చొప్ప, వరి గడ్డి రోడ్ల మీదే పరిచి వాహనాలు తొక్కేలా వదిలేస్తారు. ఆ గడ్డి కారు అడుగున చిక్కుకుంటే నిప్పు అంటుకునే ప్రమాదం నిజంగా ఉంది. అలాంటి చోటు దాటి వచ్చాక దిగి, కింద ఒకసారి వంగి చూడండి. రీజెన్ మధ్యలో ఎండు గడ్డి మీద కారు ఆపకండి.

వర్క్‌షాపులో చేయించే రీజెన్: లైటు మినుకుతుంటే, లేదా కారు లాగడం మానేస్తే

లైటు మినుకు మినుకుమంటూ, పికప్ పడిపోయి, రెండు వేల ఆర్‌పీఎమ్ దాటకుండా కారు మొరాయిస్తే దాన్ని లింప్ మోడ్ అంటారు. అప్పటికి హైవే పరుగుకు సమయం దాటిపోయింది. సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టి, కారు నిలబెట్టే ఉంచి బలవంతంగా రీజెన్ చేయిస్తారు. కొన్ని వేల రూపాయలతో అయిపోతుంది. అయితే దీనికీ ఒక హద్దు ఉంది. మసి మరీ ఎక్కువైతే స్కానర్ ఒప్పుకోదు. ఒప్పుకుంటే అన్ని గ్రాముల మసి ఒక్కసారిగా అంటుకుని పింగాణీ దిమ్మ పగిలిపోవచ్చు.

ఈ పని చేయించాక ఆయిల్ తప్పకుండా మార్పించండి. రీజెన్ కోసం ఆలస్యంగా చల్లిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల వెంట జారి కింద ఆయిల్‌లో కలుస్తుంది. సిటీలో రీజెన్ మొదలవడం, మనం ఇల్లు చేరి ఇంజన్ ఆపేయడం, మళ్ళీ రేపు మొదలవడం... ఇలా పదిసార్లు జరిగితే డిప్‌స్టిక్ (ఇంజన్ ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా భయం కలిగించింది ఇదే. డీజిల్ కలిసి పలచబడ్డ ఆయిల్‌తో నడిపితే టర్బో బేరింగులు, ఆ తర్వాత ఇంజనే పోతుంది. డీజిల్ కారు ఉన్నవాళ్ళు నెలకోసారి డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పై గీత దాటి ఉంటే కారు తీయకుండా సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేయండి.

రీజెన్ జరుగుతోందని కనిపెట్టడం కష్టమేమీ కాదు. సిగ్నల్ దగ్గర ఆర్‌పీఎమ్ మామూలు కన్నా వందో రెండు వందలో పైన ఉంటుంది, ఆటో స్టార్ట్-స్టాప్ పనిచేయదు, రేడియేటర్ ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంది, వేడి వాసన వస్తుంది. ఇంటి గేటు దగ్గరికి వచ్చాక ఇవి గమనిస్తే, వీలైతే ఇంకో పది నిమిషాలు తిరిగి రండి. ఆ పది నిమిషాలు ఇంజన్‌కు ఎంతో మేలు చేస్తాయి.

విప్పి శుభ్రం చేయించడం

ఎక్కువ కిలోమీటర్లు తిరిగిన కారుకు నేను గట్టిగా చెప్పే దారి ఇది. బూడిదను తీసే మార్గం ఇదొక్కటే. ఫిల్టర్‌ను బయటికి తీసి, ప్రత్యేక యంత్రంలో వేడి చేసి, వెనక వైపు నుంచి గాలి కొట్టి, లేదా తగిన ద్రావణంతో కడిగి ఆరబెడతారు. పెద్ద ఊళ్ళలో, ముఖ్యంగా లారీల పని ఎక్కువగా జరిగే చోట్ల, ఈ యంత్రాలున్న వర్క్‌షాపులు కనిపిస్తున్నాయి. కొత్త ఫిల్టర్ ఖరీదులో చిన్న వంతుకే పని అవుతుంది.

ఎక్కడ చేయించినా మూడు ప్రశ్నలు అడగండి. కడగక ముందు, కడిగాక ఒత్తిడి తేడా ఎంతో కాగితం మీద ఇస్తారా? లోపల పగుళ్ళు ఉన్నాయేమో చూస్తారా? బిగించాక ఇంజన్ కంప్యూటర్‌లో బూడిద లెక్కను సున్నా చేస్తారా? మూడోది చేయకపోతే ఫిల్టర్ శుభ్రంగా ఉన్నా కారు నిండిందనే అనుకుంటుంది. యాసిడ్ పోసి, బళ్ళు కడిగే ప్రెషర్ గన్‌తో కొట్టే వాళ్ళ దగ్గరికి మాత్రం వెళ్ళొద్దు. లోపలి పూత పోతే ఆ దిమ్మ ఇక దేనికీ పనికిరాదు.

ట్యాంకులో పోసే మందుల గురించి రెండు మాటలు. మసి కాస్త తక్కువ వేడికే కాలేలా చేసే మందులు నిజంగానే ఉన్నాయి. ప్యూజో 2000లో కారులో ఫిల్టర్ తెచ్చినప్పుడు ఇలాంటి మందును కారులోనే ఒక చిన్న ట్యాంకులో పెట్టింది. అయితే మనం కొనే సీసా బూడిదను తీయదు, చీలిన పైపును అతకదు. హైవే పరుగుకు ముందు తోడుగా పోస్తే పోయండి, దాని మీదే ఆశ పెట్టుకోకండి. డీఈఎఫ్ అనే యూరియా ద్రావణం వేరు. దానికి విడి ట్యాంకు ఉంటుంది. అది నైట్రోజన్ ఆక్సైడ్ల కోసం, మసికి దానితో సంబంధం లేదు. పొరపాటున డీజిల్ ట్యాంకులో పోస్తే ఇంధన వ్యవస్థంతా పాడవుతుంది.

కొత్త ఫిల్టర్ వేయించడం

దిమ్మ పగిలినా, కరిగినా మార్చడమే. చాలా కార్లలో లక్ష రూపాయలు దాటుతుంది. వారంటీ ఉంటే ముందు అది రాతపూర్వకంగా అడగండి. నోటి మాటగా "ఇది వర్తించదు" అంటే ఆ మాటనే ఈమెయిల్‌లో పెట్టమనండి. ఎందుకు పాడైందో తేల్చకుండా కొత్తది వేయించుకుంటే అదీ ఏడాదిలో ఇదే దారి పడుతుంది.

అన్నిసార్లూ తప్పు నడిపేవాళ్ళదే అనుకోవద్దు. ఆస్ట్రేలియాలో 2015 నుంచి 2020 మధ్య అమ్మిన డీజిల్ హైలక్స్, ప్రాడో, ఫార్చ్యూనర్ బళ్ళలో డీపీఎఫ్ వ్యవస్థలోనే లోపం ఉందని అక్కడి ఫెడరల్ కోర్టు 2022లో తేల్చింది. ఆ కేసులో ఉన్నవి రెండున్నర లక్షలకు పైగా బళ్ళు. మీరు వారం వారం హైవే మీద తిరుగుతూ, సరైన ఆయిల్ వాడుతూ ఉన్నా లైటు మళ్ళీ మళ్ళీ వస్తుంటే, "మీరు సిటీలో నడుపుతున్నారు సార్" అనే జవాబుతో ఊరుకోవద్దు.

తీసేయించడం: ఈ దారి వద్దు

ఫిల్టర్ లోపలి దిమ్మను పగలగొట్టి, ఖాళీ డబ్బా బిగించి, ఇంజన్ సాఫ్ట్‌వేర్‌లో దాని ఊసే లేకుండా చేస్తారు. కొత్త ఫిల్టర్ కన్నా బాగా చవక. పికప్ బాగుంటుందని, మైలేజీ పెరుగుతుందని చెబుతారు. కాస్త పెరగొచ్చు కూడా.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పులను ఒప్పుకోదు. 2019 సవరణ తర్వాత 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. కాలుష్యం మీద ఉన్న 190(2) కింద 10,000 రూపాయల దాకా జరిమానాతో పాటు లైసెన్స్ మూడు నెలలు పోతుంది. వారంటీ ఎలాగూ ఉండదు.

చట్టం మాట అలా ఉంచండి. నేను వద్దనుకున్నది మా నాన్న వల్ల. డీజిల్ పొగ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో నిర్ధారించింది. పొగాకు ఉన్న మొదటి వర్గంలోనే దాన్నీ చేర్చింది. ఇంట్లో ఆయాసంతో ఇన్‌హేలర్ పెట్టుకుని కూర్చున్న మనిషి ఉండగా, ఆ కణాలను ఆపే ఒక్క వస్తువునూ పీకేసి, అదే బండిలో ఆయన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళడం నా వల్ల కాలేదు. స్కూలు గేటు దగ్గర, మన సైలెన్సర్ ఎత్తులో, పిల్లల ముఖాలుంటాయి.

ఇంతకీ కారు ఉంచుకోవాలా, మార్చాలా

దీనికి ఒకటే లెక్క. కాగితం తీసుకుని పోయిన నాలుగు వారాలు ఎక్కడెక్కడ తిరిగారో రాయండి. ఆపకుండా అరగంటకు పైగా 60 దాటి నడిపిన ప్రయాణాలు ఎన్ని? వారానికి ఒకటైనా ఉంటే డీజిల్ ఉంచుకోండి, ఫిల్టర్ మిమ్మల్ని పెద్దగా ఇబ్బంది పెట్టదు. రెండు వారాలకు ఒకటి ఉంటే కాస్త కనిపెట్టుకుని ఉంటే సరిపోతుంది. నెలకు ఒకటి కూడా లేకపోతే, అది ఎంత మంచి కారైనా మీకు సరిపడదు.

డబ్బు పరంగా కూడా చూద్దాం. పెట్రోల్ లీటరు 107, డీజిల్ 96 రూపాయలనుకుందాం. పెట్రోల్ కారు లీటరుకు 12, డీజిల్ కారు 16 కిలోమీటర్లు ఇస్తే కిలోమీటరుకు దాదాపు 2.90 రూపాయలు ఆదా. కొనేటప్పుడు డీజిల్‌కు లక్షన్నర ఎక్కువ పెడితే, ఆ డబ్బు తిరిగి రావడానికి 51 వేల కిలోమీటర్లు పైనే తిరగాలి. నెలకు 600 కిలోమీటర్ల సిటీ తిరుగుడైతే ఏడేళ్ళు పడుతుంది. నెలకు 1,800 తిరిగేవాళ్ళకు రెండున్నరేళ్ళలోపే వస్తుంది. ఇందులో ఫిల్టర్ ఖర్చు కలపనే లేదు.

సిటీలోనే తిరిగేవాళ్ళకు ఇప్పుడు ఎంపికలు బాగానే ఉన్నాయి. హైరైడర్, గ్రాండ్ విటారా, హైక్రాస్ లాంటి స్ట్రాంగ్ హైబ్రిడ్‌లు (పెట్రోల్ ఇంజన్‌తో పాటు బ్యాటరీ మోటారుతోనూ నడిచే కార్లు) ట్రాఫిక్‌లోనే మంచి మైలేజీ ఇస్తాయి. ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకునే వీలుంటే ఎలక్ట్రిక్ ఇంకా మేలు. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో మీటరు కోసం అసోసియేషన్‌తో మాట్లాడాకే బుక్ చేయండి. ఖమ్మం, నల్గొండ, ఒంగోలు వైపు ఉంటూ రోజూ ఊళ్ళు తిరిగే వ్యాపారులకు, బరువు లాగేవాళ్ళకు డీజిల్‌ను మించింది నాకింకా కనిపించలేదు. మారుతి 2020లోనే డీజిల్ మానేసింది. అయినా మహీంద్రా, టాటా, హ్యుందాయ్, కియా, టయోటా అమ్ముతూనే ఉన్నాయంటే అలాంటి వాళ్ళు ఉండబట్టే.

మేం ఆఖరికి చేసింది ఇదీ. రబ్బరు గొట్టం మార్పించి, వర్క్‌షాపులో రీజెన్ చేయించి, ఆయిల్ మార్చి, కారును ఖమ్మంలో ఉండే తమ్ముడికి ఇచ్చేశాం. వాడు ఎరువుల డీలరు. వారానికి మూడుసార్లు సూర్యాపేట, నెలకు రెండుసార్లు విజయవాడ వెళ్తాడు. మేం హైబ్రిడ్ తీసుకున్నాం. తమ్ముడికి ఇచ్చి పది నెలలైంది, లైటు మళ్ళీ రాలేదు. వాడికి చెప్పినవి రెండే. ఆయిల్ మార్చేటప్పుడు మాన్యువల్‌లో రాసిన తక్కువ బూడిద రకమే, డీపీఎఫ్ కార్ల కోసం చేసినదే పోయించు. ఏసీఈఏ సీ2, సీ3 లాంటి ఆయిల్ ప్రమాణాల గుర్తుల్లో మాన్యువల్‌ ఏది అడిగిందో అదే డబ్బా మీద ఉండాలి. రెండోది, డిప్‌స్టిక్ చూడటం మర్చిపోకు.

సెకండ్ హ్యాండ్ బీఎస్ 6 డీజిల్ కొనాలనుకునే వాళ్ళకు ఒక మాట. సిటీలో తక్కువ తిరిగిన కారు అని సంబరపడొద్దు. నాలుగేళ్ళలో 25 వేలే తిరిగిన డీజిల్ కన్నా హైవే మీద 80 వేలు తిరిగిన డీజిల్ ఫిల్టర్ బాగుండే అవకాశం ఎక్కువ. చూడ్డానికి వెళ్ళేటప్పుడు స్కానర్ ఉన్న మెకానిక్‌ను వెంట తీసుకెళ్ళండి. మసి ఎన్ని గ్రాములు, రీజెన్‌కూ రీజెన్‌కూ మధ్య ఎన్ని కిలోమీటర్లు, ఫిల్టర్ అసలు ఉందా లేదా చూడమనండి. సైలెన్సర్ గొట్టంలో వేలు పెట్టి తుడవండి. బీఎస్ 6 డీజిల్ గొట్టం లోపల దాదాపు శుభ్రంగా ఉండాలి, వేలికి నల్లటి మసి దట్టంగా అంటితే ఫిల్టర్ పగిలిందో, పీకేశారో. స్కానర్ పెట్టడానికి అమ్మేవాళ్ళు ఒప్పుకోకపోతే ఆ కారు వదిలేసి ఇంటికి రండి.